లానా టర్నర్ వెనకాల హార్ప్ పట్టుకున్న అమ్మాయి!

హాలీవుడ్ పౌరాణికాలంటే చెవి కోసుకునే మిత్రులకు ఓ చిన్న పరీక్ష. 1955లో వచ్చిన ‘ది ప్రోడిగల్’లో అందాల తార లానా టర్నర్ వెనకాల హార్ప్ పట్టుకుని నడిచే నల్లజాతి అమ్మాయి ఎవరు? మరుసటేడు ‘టెన్ కమాండ్‌మెంట్స్’ రాజభవనం వాద్యబృందంలోనూ ఉందావిడ. జవాబు చెప్పగలిగిన వాళ్లు నాకింతవరకు తారసపడలేదు. పేరు మెల్బా లిస్టన్. ఎక్‌స్ట్రాగా వేషం కట్టిన ఈవిడ అసలు వృత్తి... జాజ్ బ్యాండుల్లో ట్రాంబోన్ వాయించడం!

ట్రాంబోన్ బాకా జాతిదే. కానీ మామూలుగా మీటలుండవు. గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ స్వరం పట్టాలి. చెయ్యి కాస్త తప్పితే అపస్వరమే. 1926లో కాన్సాస్ సిటీలో పుట్టిన మెల్బా ఏడో ఏట దుకాణంలో దాన్ని చూసి అదే కావాలంది. తల్లి కొనిచ్చింది. గొట్టం చివరిదాకా చెయ్యి అందని వయసు!

తరవాత మకాం లాస్ ఏంజిలిస్‌కి మారింది. పదహారేళ్లకే లింకన్ థియేటర్ బ్యాండులో చేరింది, ఆపైన జెరాల్డ్ విల్సన్ దగ్గర. వాయించడమే కాదు, ఎవరెక్కడ ఏం వాయించాలో రాసిపెట్టే అరేంజర్ కూడా అయింది. సినిమా పాటకి అరేంజర్ ఎంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు. పేరు మాత్రం చిన్నక్షరాల్లో పడుతుంది... పడితే!

1949లో గాయని బిల్లీ హాలిడేతో దక్షిణ రాష్ట్రాల పర్యటన. జనం రాలేదు, డబ్బూ రాలేదు. విసిగిపోయిన మెల్బా సంగీతం మానేసి విద్యాశాఖలో గుమాస్తా ఉద్యోగంలో చేరింది. సినిమా వేషాలు ఆ రోజుల్లోవే. ప్రాణమైన వాద్యం పక్కన, డైరెక్టరిచ్చిన వాద్యం చేతిలో! బ్యాండుల వెంట తిరిగే ఒంటరి ఆడది పడే అవమానాలే కాదు, తనమీద జరిగిన అత్యాచారాలూ తరవాతి రోజుల్లో ఆవిడ దాచకుండా చెప్పింది.

1956లో డిజ్జీ గిలెస్పీ కబురంపాడు. అమెరికా ప్రభుత్వం పంపుతున్న విదేశీ పర్యటన. ‘ఆడదాన్ని అంత దూరం నుంచి పిలిపించాలా?’ అని బ్యాండులో మగవాళ్లు గొణిగారు. గిలెస్పీ వాదించలేదు. ఆవిడ రాసి తెచ్చిన కాగితాలు వాళ్ల ముందు పెట్టించాడు, వాయించమన్నాడు. కాస్త దూరం పోకుండానే అందరూ తడబడ్డారు! ఆ తరవాత గొణుగుడు లేదు. ఈ ఘట్టం నాకు మహా ఇష్టం. కరాచీ, ఢాకా, బీరూట్... అన్నీ తిరిగారు. మన దేశం మాత్రం ఆ జాబితాలో లేదు!

పియానిస్టు రాండీ వెస్టన్‌తో కుదిరిన జోడీ ఆవిడ జీవితంలో పెద్ద మలుపు. స్వరాలు ఆయనవి, బ్యాండుకి అమర్చడం ఈవిడ వంతు. 1960లో రికార్డు చేసిన ‘ఉహురు ఆఫ్రికా’ని దక్షిణాఫ్రికా ప్రభుత్వం నిషేధించిందంటే అందులో ఎంత కారం ఉందో ఊహించుకోండి! 1970లలో కొన్నేళ్లు జమైకాలో పాఠాలు చెప్పింది. అక్కడే ‘స్మైల్ ఆరెంజ్’ అనే సినిమాకి సంగీతమూ ఇచ్చింది.

1985లో పక్షవాతం వచ్చి శరీరం ఒక పక్క పడిపోయింది. ట్రాంబోన్ మళ్లీ ఎత్తలేదు. కానీ కంప్యూటరు ముందు కూర్చుని అరేంజ్‌మెంట్లు రాయడం నేర్చుకుంది. 1999లో కన్నుమూసే లోపల వెస్టన్‌తో మరికొన్ని రికార్డులు చేసింది. 1993 నాటి ‘వాల్కేనో బ్లూస్’ దొరికితే వినండి. అట్ట మీద వెస్టన్ పేరుతోపాటు మెల్బా లిస్టన్ పేరు కూడా ఉంటుంది.