అష్రఫీని చదివి కొనాలి

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నానికి ఆ పేరు గోల్కొండ పాలకుడు ఇబ్రహీం కులీ కుతుబ్ షా (1550–1580) వల్ల వచ్చింది. కుతుబ్ షాహీల నాణేల్లో నేటికి మిగిలినవి ప్రధానంగా రాగివి. కావున ‘ఇబ్రహీం కుతుబ్ షా బంగారు అష్రఫీ’ అంటూ ఎవరైనా ఆన్‌లైన్‌లో ఫొటో పెడితే, ధర అడగకముందే సందేహించాలి.

హైదరాబాద్ రాజ్యపు అష్రఫీలుగా ఎక్కువగా అమ్మకానికి వచ్చేవి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలాల్లో చార్మినార్ బొమ్మతో యంత్రంపై ముద్రించినవి. ఏ పరీక్షా సంస్థ ధ్రువపత్రమూ లేని అష్రఫీని కొనదలచినవారు ముందుగా దానిని చదవాలి. చార్మినార్ ద్వారంలో మహబూబ్ అలీ ఖాన్ నాణెంపై ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ నాణెంపై ‘ఐన్’ అక్షరం ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కినది హిజ్రీ 1329 (1911)లో. కావున ‘ఐన్’ ఉండి 1325 అని ఉన్న నాణెం నకిలీయే. పాలనా సంవత్సరం కూడా సరిపోవాలి. ఉదాహరణకు, 1343 నాటి నాణెంపై 14 గాని 15 గాని ఉండాలి. ఇక 92 అనే అంకె సంవత్సరం కాదు. అబ్జద్ లెక్కలో ‘ముహమ్మద్’ అక్షరాల మొత్తం (40+8+40+4). దానిని చూసి 1892 నాటిదని చెప్పే విక్రేతకు తానమ్మే వస్తువే తెలియదన్నమాట.

రెండవది తూకం. పూర్తి అష్రఫీ 11.178 గ్రాములు, నూటికి 91 పాళ్లు బంగారం. అనగా మేలిమి బంగారం 10 గ్రాములకు పైగా ఉంటుంది. ఆ బంగారం విలువకన్నా చౌకగా ఇస్తామంటే అందులో మోసముందని గ్రహించాలి.

మూడవది సాంద్రత. నాణేన్ని సన్నని దారంతో వేలాడదీసి నీటిలో ముంచి తూచితే, తూకం 0.62 నుండి 0.64 గ్రాముల వరకు తగ్గాలి. అంతే తూకం గల వెండి ముక్కకు బంగారు పూత పూస్తే తగ్గుదల గ్రాము దాటుతుంది. గీటురాయి పైపొరనే చూపుతుంది. లోపలి లోహాన్ని చూపదు. అయితే టంగ్‌స్టన్ సాంద్రత మేలిమి బంగారానికి దాదాపు సమానం గనుక ఏ ఒక్క పరీక్షా చాలదు. పైగా బంగారం అసలైనంత మాత్రాన నాణెం అసలైనది కాదు. అచ్చు కొత్తదైతే పాతనాణెపు అదనపు విలువ ఉండదు. హారంలో కూర్చడానికి కొండీ అతికి, తీసివేసిన గుర్తున్నా ధర తగ్గుతుంది.

తెలుగులో ‘షరాబు’ అనే మాట అరబ్బీ ‘సర్రాఫ్’ నుండి వచ్చింది. నాణేలను పరీక్షించి మార్చేవాడని దాని అర్థం. అదే ధాతువు నుండి వచ్చిన ‘సర్ఫ్’ ధర్మశాస్త్రంలో బంగారం, వెండి, డబ్బు పరస్పర మారకానికి పేరు. అందులో ఇరువైపులా అక్కడికక్కడే చేతికి అందడం షరతు. 1990లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, ఆధునిక సాధనాల ద్వారా దూరాన ఉన్నవారు చేసుకునే ఒప్పందాలను ఆమోదిస్తూనే, ఈ షరతు కారణంగా సర్ఫ్‌ను మినహాయించింది. ఈ నియమం కొనుగోలుదారుకు రక్షణ కూడా అవుతుంది: ఫొటో చూసి ముందే డబ్బు పంపక, విక్రేతను కలిసి, షరాబు త్రాసు ఎదుట నాణెం అందుకుంటూ సొమ్ము చెల్లించడం.

చట్టాన్నీ మరువరాదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దానిని విదేశాలకు పంపరాదు. ‘పునాదుల్లో దొరికింది, ఎవరికీ చెప్పకండి’ అంటూ అమ్మజూపే నాణెం నకిలీదైతే సొమ్ము పోతుంది. అసలుదైతే, 1878 నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలుపవలసిన నిధిని దాచినవారితో బేరమాడినట్లవుతుంది. ఏ విధంగా చూసినా అది కొనదగినది కాదు.