అమెరికా సిటిజన్ అయ్యాక ఊళ్లో పొలం అమ్మాలంటే

మన ఎపిసోడ్స్ చూసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిటిజన్‌షిప్ తీసుకున్నాను, ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేశాను, మా నాన్నగారి పొలం ఇంకా నాదేనా?" అని. మీదేనండి. పౌరసత్వం మారినంత మాత్రాన భూమి పోదు. ఇక్కడ ఉన్నప్పుడు మీరు కొన్నదైనా, ఇక్కడున్న తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చినదైనా ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. 1999 నాటి ఫెమా చట్టంలోనే ఆ మాట ఉంది. మారేదల్లా ఎవరికి అమ్మొచ్చు, పన్ను ఎలా పడుతుంది, డబ్బు ఎలా బయటికి వెళ్తుంది అన్నవి.

ఒక ఉదాహరణ అనుకుందాం. నెల్లూరు జిల్లా పడమటి వైపు, ఉదయగిరి దాటి సీతారామపురం. వెలిగొండల కింద నాలుగెకరాల మెట్ట. ఆత్మకూరులో యాభై అంకణాల ఇంటి స్థలం. (నెల్లూరు అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే ఈ స్థలం 400 గజాలు.) నాన్నగారు 2018లో పోయారు. కొడుకు డాలస్‌లో, ఓసీఐ కార్డు ఉంది. అక్క నెల్లూరులో.

ముందు పొలం సంగతి. డాలస్‌లోనే ఉన్న మన ఊరి ఫ్రెండ్ "నాకే ఇచ్చెయ్యి, నేను కొంటా" అంటాడు. కుదరదండి. వ్యవసాయ భూమిని ఇండియాలో నివాసం ఉన్నవాళ్లకే అమ్మాలి. ఎన్నారైకి గానీ ఓసీఐకి గానీ అమ్మకూడదు. ఆ ఫ్రెండ్ దగ్గర ఇప్పటికీ ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నా సరే, అక్కడ స్థిరపడ్డాడు కాబట్టి కొనలేడు. ఆత్మకూరు స్థలానికి మాత్రం ఈ అడ్డు లేదు.

దీంట్లో ఇంకో మెలిక ఉంది, చాలామంది గమనించరు. మీరూ మళ్లీ వ్యవసాయ భూమి కొనలేరు. నాలుగెకరాలు అమ్మేసి, పదేళ్ల తర్వాత రిటైరై ఊరి మీద మనసు పుట్టి "అరెకరం కొనుక్కుంటా" అంటే అమెరికాలో ఉంటూ కుదరదు. అందుకే నేను పొలం విషయంలో తొందరపడొద్దంటాను. అలాగే అమ్మానాన్న బతికుండగా పొలాన్ని మీ పేరు మీద గిఫ్ట్ డీడ్ రాయించడం కూడా కుదరదు. వీలునామా రాస్తే వారసత్వంగా వస్తుంది, దానికి అభ్యంతరం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు ఈ తేడా ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇక కాగితాలు. ఎక్కువ బేరాలు చెడేది ఇక్కడే. మీభూమిలో 1బి, అడంగల్ తీసి చూడండి. ఇంకా నాన్నగారి పేరే ఉంటుంది. వీలునామా లేకపోతే ఆయన వాటా అమ్మకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమానంగా వెళ్తుంది. అక్క సంతకం లేకుండా అమ్మితే కొన్నవాడి నెత్తిన కేసు పడుతుంది. "అక్కకి పెళ్లిలో ఇచ్చేశాంలే" అన్న మాట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పనికిరాదు.

మన పడమటి మండలాల్లో డీకేటీ పట్టాలు ఉన్న ఇళ్లు చాలానే కనిపిస్తాయి. ప్రభుత్వం ఇచ్చిన ఈ అసైన్డ్ భూములు అమ్మడాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023లో సవరణ చేసి, ఇచ్చి 20 ఏళ్లు దాటినవాటికి హక్కులు ఇచ్చారు. 2024లో మళ్లీ పరిశీలన పేరుతో ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు. కాబట్టి మీ సర్వే నంబరు 22ఏ జాబితాలో ఉందా లేదా చూడకుండా అడ్వాన్స్ పుచ్చుకోవద్దు.

మీరు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. అక్కడ ఇండియన్ కాన్సులేట్‌లో గానీ, నోటరీ చేసి అపోస్టిల్ వేయించి గానీ పంపండి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. సర్వే నంబర్లు రాసి, ఆ ఒక్క పనికే ఇవ్వండి. పాస్‌బుక్‌లో ఇంటిపేరు ముందు, అమెరికన్ పాస్‌పోర్ట్‌లో చివర ఉంటుంది కదా, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ కూడా జతచేయండి.

పన్ను దగ్గరికి వద్దాం. ఇది 2025 నాటి లెక్క. సీతారామపురం మెట్ట లాంటి పల్లె వ్యవసాయ భూమి మీద ఇండియాలో క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. మున్సిపాలిటీ హద్దుకి దగ్గరైతే లెక్క మారుతుంది. జనాభా పది వేల నుంచి లక్ష లోపు ఉన్న ఊరైతే 2 కిలోమీటర్లు దాటి ఉండాలి. ఆత్మకూరు స్థలానికైతే పన్ను పడుతుంది. 2024 జూలై 23 నుంచి లాభం మీద 12.5 శాతం, దానిపై 4 శాతం సెస్. అంటే 13 శాతం. నాన్నగారు 2001కి ముందే కొనుంటే, 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా చూపించుకోవచ్చు.

స్థలం 40 లక్షలకి అమ్మారనుకోండి. సులువుగా అర్థం కావడానికి మొత్తం కొడుకు వాటాకే వచ్చిందనుకుందాం. లాభం 25 లక్షలు. అసలు పన్ను 3 లక్షల 25 వేలు. కానీ కొనేవాళ్లు ముందుగా సర్టిఫికెట్ లేకపోతే మొత్తం 40 లక్షల మీదా పట్టుకుంటారు, 5 లక్షల 20 వేలు. మిగతాది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. అందుకే అగ్రిమెంట్ కాగానే దరఖాస్తు వేసి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. "యాభై లక్షల లోపు కదా, టీడీఎస్ ఏంటి" అని కొనేవాళ్లు అంటారు. ఆ రూలు ఇక్కడ ఉండే అమ్మకందారుకి. మీకు అమ్మినప్పుడు పట్టుకోకపోతే జరిమానా వాళ్లకే. 2025 రూలు ప్రకారం ట్యాన్ నంబరు తీసుకోవాల్సిందీ వాళ్లే.

"పొలానికి పన్ను లేదు కదా, హమ్మయ్య" అనుకోవద్దు. ఐఆర్‌ఎస్ మీ ప్రపంచ ఆదాయం మొత్తం అడుగుతుంది. అయితే వాళ్ల లెక్కలో మీ కొన్న ధర అంటే నాన్నగారు పోయిన రోజు మార్కెట్ విలువ. 2018 నాటి విలువకీ అమ్మిన ధరకీ తేడా మీదే అక్కడ పన్ను. ఆనాటి విలువకి వాల్యూయర్ రిపోర్టు తీసి పెట్టుకోండి. ఆత్మకూరు స్థలానికి ఇక్కడ కట్టిన పన్నుకి అక్కడ క్రెడిట్ ఉంటుంది. పొలానికి ఇక్కడేమీ కట్టలేదు కాబట్టి క్రెడిట్ కూడా ఉండదు.

చివరికి డబ్బు. అది ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడాలి, పాత సేవింగ్స్ ఖాతాలో కాదు. అక్కణ్ణుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు, పన్ను ఫారం, సీఏ గారిచ్చే సర్టిఫికెట్ పెట్టి. బ్యాంకు సేల్ డీడ్ చూస్తుంది. డీడ్‌లో ప్రభుత్వ విలువ రాసి మిగతాది సంచీలో ఇస్తామనే బేరం మన వైపు మామూలే కదా. ఆ సంచీ డాలస్ చేరదు, పైగా రెండు దేశాల్లోనూ దొంగలెక్క అవుతుంది. బేరం మొదటి రోజే "మొత్తం బ్యాంకులోనే" అని చెప్పేయండి. ధర కాస్త తగ్గినా సరే.

ఎన్‌ఆర్‌ఓ, ఎన్‌ఆర్‌ఈ ఖాతాల తేడా వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండి.