ఉపవాసంలో గుండె మాత్రలు

కర్నూలు సర్వజన వైద్యశాలలో పనిచేసిన కాలంలో, మహాశివరాత్రికి నాగలూటి అడవిదారిన శ్రీశైలానికి నడిచి ఆయాసంతో చేరిన భక్తులను "మాత్రలు ఎప్పుడు మానారు?" అనే మొదట అడిగేవాడిని. "ఉపవాసం కదా సామీ" అనేవారు పలువురు.

రక్తపోటు, మధుమేహం, పొగాకు అలవాటు, మూత్రపిండాల వ్యాధి, పూర్వం వచ్చిన గుండెపోటు ఉన్నవారికి ముప్పు అధికం. ఒంట్లో నీరు తగ్గించే మాత్ర ఆగితే, బలహీనమైన గుండె తోడలేని నీరు ఊపిరితిత్తులలో చేరుతుంది. స్టెంటు ఉన్నవారు రక్తం గడ్డకట్టనివ్వని మాత్ర మానితే అది మూసుకుపోవచ్చు. మధుమేహులకు నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు; చెమట, ఆయాసం చూసి నడక అలసట అనుకుంటారు. అయితే చక్కెర మాత్రల మోతాదును ఉపవాసానికి ముందే వైద్యునితో నిర్ణయించుకోవాలి. మాత్రతో పుచ్చుకున్న గుక్కెడు నీటికి వ్రతం చెడదని నా నమ్మకం.

ఛాతీ బరువెక్కినా, పడుకుంటే ఊపిరాడకపోయినా నడక అక్కడే ఆపి, తోడివారి చేత వైద్య శిబిరానికి గాని 108కు గాని కబురు చేయించండి.