మంచుదారిలో మాటసాయం

తెలుగువానికి మంచు ఒక్కటే మాట. తెల్లవారుజామున గడ్డిపోచ కొనపై నిలిచిన బిందువూ మంచే. మార్గశిరమాసంలో విశ్వవిద్యాలయపు చెట్లనూ, తార్నాక నుండి లాలాపేటకు పోయే దారినీ కప్పివేసే తెల్లని తెరా మంచే. హిమాలయ శిఖరాలపై పేరుకొన్నదీ మంచే. తుహినమనీ, నీహారమనీ, హిమమనీ సంస్కృతం నుండి ఎన్ని పదాలు తెచ్చుకొన్నా, వాటి భేదంతో మనకు నిత్యజీవితంలో పని పడలేదు. అయితే ఆ భేదమే ప్రాణాధారమైన క్రీడ ఒకటున్నది. అది శీతకాలపు ర్యాలీ.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. సరిగా ఆనాడే స్వీడన్ ఉత్తరభాగాన, ఉమెయొ పట్టణం చుట్టూ ఉన్న అడవులలో స్వీడన్ ర్యాలీ సాగుతున్నది. రెండూ కార్ల పందేలే గాని, రెండింటి ధర్మాలు వేరు. మన నగరంలో కార్లన్నీ ఒక్కుమ్మడిగా బయలుదేరి, మూడు కిలోమీటర్లకు లోపైన బాటనే పదే పదే చుట్టివచ్చాయి. ర్యాలీలో కార్లు ఒకదాని వెనుక ఒకటి కొంత వ్యవధితో బయలుదేరుతాయి. స్టేజీలనబడే దారి భాగాలను ఎవరెంత కాలంలో దాటినారో లెక్కించి, తక్కువ కాలం పట్టినవారిని విజేతలుగా నిర్ణయిస్తారు. ప్రత్యర్థి కంటికి కనబడడు. కనబడేది దారి ఒక్కటే. రాత్రి స్టేజీలలో అదీ దీపపు వెలుగు మేరకే.

ఆ దారి గడ్డకట్టిన మట్టిదారి. పైన మంచుపొర, ఇరుప్రక్కల మంచుగట్లు. టైర్లు సన్నగా ఉంటాయి. వెడల్పైన టైరు మంచుపై తేలిపోతుంది. సన్ననిది మంచును కోసుకొని దిగి, అడుగున గట్టినేలను పట్టుకొంటుంది. ఒక్కొక్క టైరుకు దాదాపు 400 చిన్న మేకులు బిగిస్తారు. నేర్పరియైన డ్రైవరు మలుపులో కారు వెనుకభాగాన్ని మంచుగట్టుకు ఆనించి తిప్పుకొంటాడు. గట్టు గట్టిదైతే అది కాపాడుతుంది. మెత్తనిదైతే కారును మింగుతుంది. ఒకే మంచు మిత్రుడూ అవుతుంది, శత్రువూ అవుతుంది.

మరి అంతటి వేగంలో ఆ భేదం తెలిపేదెవరు? డ్రైవరు ప్రక్కన కూర్చున్న సహచాలకుడు. పందేనికి ముందు ఇద్దరూ ఆ దారిన మెల్లగా పోయి వస్తారు. డ్రైవరు ప్రతి మలుపునూ చెబుతాడు. సహచాలకుడు పొడిమాటలలో వ్రాసుకొంటాడు. మరొకసారి పోయి ఇద్దరూ దానిని సరిచూచుకొంటారు. పందెంనాడు, "ఎడమ నాలుగు, వంద, మిట్ట, కుడి మూడు" అని ఆ వ్రాత తిరిగి డ్రైవరు చెవిన పడుతుంది. నాలుగు, మూడు అన్నవి మలుపు వాలును తెలిపే అంకెలు. వంద మీటర్ల లెక్క. మిట్టకు ఆవల ఏమున్నదో డ్రైవరు కన్ను చూడలేదు. అయినా మాటను నమ్మి వేగం తగ్గించడు. చదివేవాడు తొందరపడితే విన్నవాడు మరచిపోతాడు. ఆలస్యం చేస్తే కారు చెట్టును చేరుతుంది.

మన భాషలో శల్యసారథ్యమనే జాతీయమున్నది. రథం నడపడంలో శల్యునికి లోపం లేదు. అతడు కర్ణుని చెవిలో పోసిన మాటలోనే ఉన్నది లోపం. ప్రక్కవాని మాట వీరుని పటిమను ఎంత కుంగదీయగలదో భారతం చూపింది. ఎంత నిలబెట్టగలదో ర్యాలీ చూపుతున్నది. అందుకే ప్రపంచ ర్యాలీ పోటీలలో సహచాలకులకు వేరుగా విజేత బిరుదమున్నది. 2023 స్వీడన్ ర్యాలీ విజయం తానాక్‌ది ఒక్కనిదే కాదు, అతని సహచాలకుడు యార్వెయోజాది కూడా.

స్వీడన్ ర్యాలీ 1950లో పుట్టింది. 1965 నుండి శీతకాలపు పందెమైనది. మంచు చాలక 1990లో ఆగిపోయింది. 2022లో ఉత్తరానికి, ఉమెయొకు తరలింది. దీనిని చిరకాలం స్వీడన్, ఫిన్లండ్ వంటి ఉత్తరదేశాల వారే గెలుస్తూ వచ్చారు. స్టిగ్ బ్లూమ్‌క్విస్ట్ అనే స్వీడన్ వీరుడు ఏడుసార్లు గెలిచాడు. పుట్టి పెరిగినవారికే ఆ మంచు లొంగుతుందని లోకం అనుకొన్నది. 2004లో ఫ్రాన్స్ దేశీయుడైన సెబాస్టియన్ లోబ్ ఆ భావాన్ని చెరిపివేశాడు. అతనికి దారి చదివి వినిపించినవాడు డేనియల్ ఎలీనా. వెచ్చని మధ్యధరా తీరంలోని మొనాకో అతనిది.

మంచుదేశంలో పుట్టని ఇద్దరు ఆ మంచును జయించారు. ఒకడు శ్రద్ధగా చూచి చెప్పాడు, మరొకడు శ్రద్ధగా వ్రాసి వేళకు వినిపించాడు. చదువన్నది కూడా ఇంతకంటె వేరు కాదు. కంటితో చూడని దారిని మాట ఆధారంగా నడవగలగడమే విద్య. ఆ మాట సరిగా ఉండడం చెప్పేవాని బాధ్యత. దానిని నమ్మి ముందుకు సాగడం వినేవాని ధైర్యం.