సూది దిక్కు మరచు చోటు

దిక్సూచిలోని సూది ఉత్తర దక్షిణములుగా నిలుచునని బాలబాలిక లెరిగినదే. భూమియే యొక పెద్ద అయస్కాంతమని విలియం గిల్బర్టు అను ఆంగ్ల వైద్యుడు 1600వ సంవత్సరమున తన గ్రంథమున ప్రకటించెను. అయినను ఆ సూదికి దిక్కు తోచని చోటులు కలవు. వానిని బల్లమీదనే చూడవచ్చును.

ఇనుప వస్తువులు దాపున లేని కొయ్యబల్లపై తెల్లకాగితము పరచి, దిక్సూచి సాయమున ఉత్తర దక్షిణ రేఖను గీయవలెను. దానిపై దండాయస్కాంతమును, దాని ఉత్తరధ్రువము ఉత్తరముగా నుండునట్లు, ఉంచవలెను. పిదప చిన్న దిక్సూచిని దండము నడిమిభాగమునుండి తూర్పుగా మెల్లమెల్లగా జరుపుచు పోవలెను. దండమునకు దగ్గరగా నున్నంతవరకు సూది యొక్క ఉత్తరపు కొన దక్షిణమునే చూచుచుండును. అచట దండము బలము భూమి బలమును మించినది. చాల దూరము పోయిన పిమ్మట ఆ కొన మరల ఉత్తరమునకు వచ్చును. ఈ రెంటి నడుమ నొకచోట సూది ఏ దిక్కునకును కట్టుబడదు. బల్లను తట్టినచో మరియొక వైపునకు తిరిగి నిలుచును. అదియే తటస్థ బిందువు. పడమట అంతే దూరమున ఇట్టిదే మరియొకటి కలదు. దండము కొనలు మార్చి, దక్షిణధ్రువమును ఉత్తరమునకు త్రిప్పినచో, ఈ బిందువులు దండమునకు ఉత్తర దక్షిణములందు, మునుపటికంటె ఎక్కువ దూరమున, ఏర్పడును.

తటస్థుడనగా ఒడ్డున నిలుచువాడు. ఈ పేరు ఇచట అంతగా పొసగదు. ఆ సూది, రెండు ప్రవాహములు సరిసమానముగా ఎదుర్కొను నడియేటిలో నున్నది. సమబలులు తాడు లాగునప్పుడు నడుమ కట్టిన గుడ్డపేలిక కదలకుండుట వంటిదే యిది. అచట రద్దగునదియు భూబలములోని క్షితిజ సమాంతర భాగము మాత్రమే. నిలువు భాగము చెక్కుచెదరదు.

ఈ సమానతయే కొలతకు సాధనమైనది. తెలుగు సీమలో భూమి యొక్క క్షితిజ సమాంతర బలము సుమారు 0.4 గౌస్. తటస్థ బిందువున దండము బలమును అంతే. కావున ఆ బిందువు దూరమును కొలిచి దండము శక్తిని లెక్కింపవచ్చును. చిన్న అయస్కాంతపు బలము, దూరము రెట్టింపైనచో, ఎనిమిదవ వంతుకు తగ్గును.

బల్లమీది యీ వింత సముద్రముపై ప్రాణాపాయము. ఇనుప ఓడలు వచ్చినప్పుడు, ఓడ ఇనుమే అయస్కాంతమై, దిక్సూచిని తప్పుదారి పట్టించెను. 1838లో జార్జి ఎయిరీ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు ‘రెయిన్‌బో’ అను ఇనుప ఓడపై పరీక్షలు చేసి, దిక్సూచి దాపున అయస్కాంతములను, ఇనుప ముక్కలను తగిన దూరమున అమర్చి ఓడ బలమును రద్దుచేయు మార్గము చూపెను. అప్పుడు సూదికి భూబలమే మిగిలినది. నేటికిని ఓడలలోని అయస్కాంత దిక్సూచి పీఠములకు ఇరుప్రక్కల ఇనుప గోళములు కనబడుట ఇందులకే.