సమ్మోహనాస్త్రం: చంపకుండా ఆపే శక్తి

ఈ భాగం చదివిన తరువాత మీరు స్తంభన, మారణాల మధ్య భేదాన్ని వివరించగలుగుతారు. ఉత్తర గోగ్రహణంలో సమ్మోహనాస్త్రం పాత్రను విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

కథలోని పాత్రలుగా మారి ఆడే ఆటల్లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ప్రసిద్ధమైనది. ఇది 1974లో అమెరికాలో వెలువడింది. ఇందులో ‘హోల్డ్ పర్సన్’ అనే మంత్రం ఎదుటి మనిషిని కదలకుండా నిలుపుతుంది. 2014 నాటి నియమాల ప్రకారం దాని గడువు ఎక్కువలో ఎక్కువ ఒక నిమిషం. వేసినవాడి ఏకాగ్రత చెదిరితే కట్టు వీడుతుంది. మనోబలం గలవాడు దానికి లొంగకపోవచ్చు. ఇలాంటి పరిమిత శక్తి అనే ఊహ మన సాహిత్యానికి కొత్త కాదు.

2. స్తంభన, మారణం

తంత్ర గ్రంథాలు సాధారణంగా ఆరు కర్మలను పేర్కొంటాయి. అవి శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం. స్తంభనం అంటే ఆపడం. మారణం అంటే చంపడం. ఈ రెండింటినీ వేర్వేరుగా లెక్కించడం గమనించదగినది. ఆపడం చంపడంలో సగం పని కాదు, అది వేరే పని.

3. ఉత్తర గోగ్రహణం

మహాభారతం విరాటపర్వంలో కౌరవులు విరాటరాజు ఆవులను తోలుకుపోతారు. బృహన్నలగా ఉన్న అర్జునుడు ఉత్తరకుమారుణ్ణి సారథిగా చేసుకుని వారిని ఎదిరిస్తాడు. ఆవులు వెనక్కి మళ్లిన తరువాత కూడా పోరు సాగుతుంది, ప్రాణనష్టమూ జరుగుతుంది. చివరికి అర్జునుడు సమ్మోహనాస్త్రం ప్రయోగించి శంఖం పూరిస్తాడు. కౌరవ వీరులు స్పృహ తప్పుతారు.

ఆ క్షణంలో వారి తలలు తీయడం తేలిక. కాని అర్జునుడికి ఉత్తర కోరిక గుర్తుకు వస్తుంది. ఆమె బొమ్మల కోసం వీరుల వస్త్రాలు తెమ్మని ఉత్తరకుమారుణ్ణి పంపుతాడు. భీష్ముడికి ఈ అస్త్రానికి విరుగుడు తెలుసు కనుక ఆయన దగ్గర జాగ్రత్తగా ఉండమంటాడు. తెలివి వచ్చిన దుర్యోధనుడు అర్జునుణ్ణి ఎందుకు వదిలారని అడుగుతాడు. మీరంతా ఒళ్లు తెలియక పడి ఉన్నా అతడు క్రూరత్వానికి పూనుకోలేదని భీష్ముడు గుర్తుచేస్తాడు.

తెలుగులో తిక్కన తన భారత రచనను ఈ విరాటపర్వంతోనే ఆరంభించాడు. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు బృహన్నలగా నటించిన ‘నర్తనశాల’ (1963) ఈ కథను ఇంటింటికీ చేర్చింది.

4. చిన్న అస్త్రమే ఎందుకు?

అర్జునుడు తపస్సు చేసి శివుని నుండి పాశుపతం పొందిన చోటు విజయవాడ ఇంద్రకీలాద్రి అని ఇక్కడి స్థలపురాణం చెబుతుంది. దాన్ని తొందరపడి మనుషులపై వేయరాదని, అల్పబలుడిపై వేస్తే లోకమంతా దహించుకుపోతుందని శివుడు వనపర్వంలో హెచ్చరిస్తాడు. అంత అస్త్రం చేతిలో ఉన్నవాడు ఎదురుగా తాతా గురువూ నిలిచినప్పుడు సమ్మోహనంతో సరిపెట్టాడు. గోవులను విడిపించడమే అక్కడి లక్ష్యం. అది నెరవేరాక కావలసింది యుద్ధాన్ని ముగించే ఉపాయం.

5. సారాంశం

సమ్మోహనానికి గడువు ఉంది, విరుగుడు ఉంది. కాబట్టే అది ప్రయోగించినవాడి వివేకాన్ని పరీక్షిస్తుంది. ఎదుటివాడు నిస్సహాయుడైన ఆ కొద్దిసేపట్లో అతడు ఏం చేశాడన్నదే అసలు ప్రశ్న.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్తంభన, మారణాల భేదమేమి?
2. సమ్మోహనానికి భీష్ముడు లొంగకపోవడం వల్ల కథకు కలిగిన ప్రయోజనాన్ని చర్చించండి.