వైద్య సమాచార ప్రసారంలో సందేశ చట్రం, నిరీక్షణ గడువు: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

కీలక పదాలు: హెచ్‌ఎల్‌7, సందేశ చట్రం, టైమ్‌అవుట్, ధ్రువీకరణ సందేశం, యూనికోడ్

ఉపోద్ఘాతం

మేడ్చల్, శామీర్‌పేట మండలాలు 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనివి. ఒకవైపు జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు, మరొకవైపు గ్రామీణ ఆరోగ్య కేంద్రాలు ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. మేడ్చల్ మండల గ్రామాలలో 2009లో ప్రారంభమైన కుటుంబ ఆరోగ్య అధ్యయనం 1227 మంది స్త్రీలను నమోదు చేసుకొని, వారి ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి అనుసరించింది. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ విధానంలో ఆరోగ్య కేంద్రంలో సేకరించిన నమూనా వాహనంలో ప్రయోగశాలకు వెళ్తుంది. ఫలితం ఎలక్ట్రానిక్ రూపంలో తిరిగివస్తుంది. నమూనా పోతే సీసాల లెక్కలో తేలుతుంది. ఫలితం దారిలో పోయినా, రెండుసార్లు నమోదైనా ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం సందేశ చట్రంలోను, నిరీక్షణ గడువులోను ఉంది.

సందేశ చట్రం

ప్రయోగశాల ఫలితాల మార్పిడికి ప్రపంచవ్యాప్తంగా అధికంగా వాడుకలో ఉన్నది హెచ్‌ఎల్‌7 రెండవ వెర్షన్. దానిని మోసే టీసీపీకి సందేశం అనే భావన లేదు. అది బైట్ల ప్రవాహం మాత్రమే. ఒక ఫలితం రెండు ముక్కలుగా రావచ్చు, రెండు ఫలితాలు ఒకే ముక్కలో రావచ్చు. కాబట్టి సరిహద్దును విడిగా గుర్తించాలి. ఎంఎల్‌ఎల్‌పి పద్ధతిలో సందేశానికి ముందు 11 విలువగల బైటు, చివర వరుసగా 28, 13 విలువగల బైట్లు ఉంటాయి. ముగింపు జంట కనిపించేవరకు స్వీకర్త ముక్కలను కూడబెట్టాలి.

ఇక్కడ తెలుగు లిపికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. యూటీఎఫ్-16లో ‘జ’ అక్షరం 12, 28 అనే రెండు బైట్లుగా, ‘ఋ’ 12, 11గా నమోదవుతాయి. 28ని మాత్రమే చూసి సందేశం ముగిసిందనుకునే స్వీకర్త ‘మల్కాజిగిరి’ అనే జిల్లా పేరు మధ్యలోనే చిరునామాను తెంచివేస్తుంది. యూటీఎఫ్-8లో అదే ‘జ’ 224, 176, 156 అవుతుంది. ఆ పద్ధతిలో తెలుగు అక్షరాల బైట్లన్నీ 128 లేదా అంతకు మించి ఉంటాయి గనుక సరిహద్దు గుర్తులతో కలవవు. అందుచేత యూటీఎఫ్-8నే వాడి, ఆ విషయాన్ని ఎంఎస్‌హెచ్ 18వ క్షేత్రంలో ప్రకటించడం అవసరం.

నిరీక్షణ గడువు

సందేశం పంపిన వ్యవస్థ ధ్రువీకరణ కోసం ఎంతసేపు ఆగాలన్నదే టైమ్‌అవుట్. బైట్లు అవతలి యంత్రానికి చేరాయని టీసీపీ చెప్పగలదు. ఫలితం రోగి రికార్డులో భద్రమైందని చెప్పలేదు. ఆ మాట హెచ్‌ఎల్‌7 ధ్రువీకరణ సందేశమే చెప్పాలి. స్వీకర్త ముందుగా భద్రపరచి, ఆ తర్వాతే ధ్రువీకరించాలి.

ఉదాహరణకు, రద్దీవేళ భద్రపరచడానికి 20 సెకన్లు పడుతుండగా పంపేవైపు గడువు 10 సెకన్లే అనుకుందాం. మొదటి ప్రతి నమోదవుతుండగానే రెండవ ప్రతి బయలుదేరుతుంది. ఒకే హిమోగ్లోబిన్ విలువ రెండు పరీక్షలుగా కనిపిస్తుంది. గడువును స్వీకర్త గరిష్ఠ వ్యవధి కంటే ఎక్కువగా ఉంచాలి. అయినా ధ్రువీకరణే దారిలో పోవచ్చు. కనుక మళ్లీ పంపేటప్పుడు ఎంఎస్‌హెచ్ 10వ క్షేత్రంలోని సందేశ సంఖ్యను మార్చకూడదు. అదే సంఖ్య మళ్లీ వస్తే స్వీకర్త కొత్తగా నమోదు చేయక, పాత ధ్రువీకరణనే తిరిగి పంపాలి.

మౌనంగా ఉన్న అనుసంధానం మరొక సమస్య. రాత్రివేళ సందేశాలు లేనప్పుడు దారిలోని ఫైర్‌వాల్ దానిని చెప్పకుండా తొలగించవచ్చు. లినక్స్‌లో కీప్‌అలైవ్ తొలి పరిశీలనకు సహజంగా ఉండే వ్యవధి 2 గంటలు. అదైనా అనువర్తనం కోరితేనే పనిచేస్తుంది. ఆ వ్యవధిని ఫైర్‌వాల్ గడువు కంటే తగ్గించుకోవాలి.

ముగింపు

గడువును పెంచడం ఒక్కటే పరిష్కారం కాదు. అతిగా పెంచితే తెగిన అనుసంధానం కోసం అత్యవసర ఫలితం వరుసలో నిలిచిపోతుంది. అమలుకు ముందు రెండు పరీక్షలు తప్పనిసరి: ‘జ’ ఉన్న పేరుతో సందేశం పంపడం, భద్రపరచిన తర్వాత ధ్రువీకరణకు ముందు అనుసంధానాన్ని తెంచడం. రెండింటిలోను రికార్డులో ఒకే ఫలితం, సంపూర్ణంగా మిగిలినప్పుడే ఆ అమరికను నమ్మవచ్చు. దీర్ఘకాలిక అధ్యయనాలలో ఒక్క విలువ పోయినా, రెట్టింపైనా అది వైద్యుని నిర్ణయాన్నే కాక పరిశోధకుని నిర్ధారణను కూడా తప్పుదారి పట్టిస్తుంది.